పురుగు కుట్టి ఒళ్లంతా అలర్జీ లేస్తే: మొదటి నిమిషం నుంచి ఐదేళ్ల చికిత్స దాకా

తేనెటీగ గానీ కందిరీగ గానీ కుట్టినప్పుడు చాలామందికి మంట, ఎర్రదనం, కాస్త వాపు వచ్చి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. కొద్దిమందికి మాత్రం వ్యవహారం కుట్టిన చోటుతో ఆగదు. నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, గొంతు బిగుసుకుంటుంది, బీపీ పడిపోతుంది. ఈ స్థితిని అనాఫిలాక్సిస్ అంటారు. దీన్ని ఆపే మందు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఒక్కటే. అలర్జీ మాత్ర వేసి, తగ్గుతుందేమో చూద్దాం అని కూర్చోవడమే ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. పురుగు కుట్టి చనిపోయినవారి కేసులను బ్రిటన్‌లో పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కుట్టినప్పటి నుంచి గుండె గానీ శ్వాస గానీ ఆగిపోవడానికి పట్టిన మధ్యస్థ సమయం 15 నిమిషాలు. మాత్ర పని మొదలుపెట్టడానికే అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది.

ఇలాంటి తీవ్రమైన అలర్జీ ఎక్కువగా తేనెటీగలు, కందిరీగలు, కొన్ని రకాల చీమల వల్ల వస్తుంది. దోమలు, జోరీగల వల్ల చాలా అరుదు. తేలు, పాము సంగతి వేరు. అక్కడ ముఖ్యంగా హాని చేసేది విషమే, వాటి చికిత్సా వేరు.

మామూలు వాపా, ప్రమాదమా?

కుట్టిన చోటుకు సంబంధం లేని భాగంలో ఏదైనా మొదలైందా అన్నది ముందు చూడాలి. చేతి మీద కుడితే ఆ చెయ్యే వాచిందంటే అది స్థానికమైన వాపు, ఎంత పెద్దదైనా సరే. చేతి మీద కుడితే పెదవి వాచినా, పొట్ట మీద దద్దుర్లు వచ్చినా అలర్జీ ఒళ్లంతా పాకిందని అర్థం.

పెద్ద స్థానిక వాపు చూసేవాళ్లను బాగా భయపెడుతుంది. 10 సెంటీమీటర్లు దాటి, మణికట్టు దగ్గర కుడితే మోచేతి పైదాకా పాకవచ్చు. 24 నుంచి 48 గంటల మధ్య బాగా పెరిగి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. ఉంగరాలు, గాజులు వెంటనే తీసెయ్యండి. చెయ్యో కాలో ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐస్ 10 నుంచి 15 నిమిషాల చొప్పున కాపండి. దురదకు సెటిరిజిన్ లాంటి మాత్ర, నొప్పికి పారాసిటమాల్ చాలు. వాపు మరీ ఇబ్బంది పెడితే డాక్టరు కొద్ది రోజులు స్టెరాయిడ్ మాత్ర ఇస్తారు. మొదటి రెండు రోజుల్లో కనిపించే ఎర్రదనం, వేడి ఇన్ఫెక్షన్ కాదు. అప్పుడే యాంటీబయాటిక్ మొదలుపెట్టడం అనవసరం. తగ్గుముఖం పట్టిన వాపు మూడు నాలుగు రోజుల తర్వాత మళ్లీ పెరిగినా, జ్వరం, చీము కనిపించినా అప్పుడు ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. ఫైర్ యాంట్ అనే ఎర్రచీమ కుట్టిన చోట ఒక రోజుకల్లా తెల్లటి పొక్కు వస్తుంది. అందులో ఉన్నది చూడ్డానికి చీములా ఉన్నా సూక్ష్మక్రిములు ఉండవు, గిల్లితేనే చేరతాయి.

ఒళ్లంతా పాకే అలర్జీ సాధారణంగా 5 నుంచి 30 నిమిషాల్లో బయటపడుతుంది. మొదట అరచేతులు, అరికాళ్లు, చంకలు, గజ్జల్లో విపరీతమైన దురద పుట్టవచ్చు. ముఖం ఎర్రబారుతుంది, దద్దుర్లు లేస్తాయి, కనురెప్పలు, పెదవులు ఉబ్బుతాయి. గొంతు సంగతికొస్తే ఏదో అడ్డం పడ్డట్టు అనిపించడం, మాట బొంగురుపోవడం, ఉమ్మి మింగలేకపోవడం, గాలి పీల్చేటప్పుడు కీచుమనే శబ్దం. ఊపిరితిత్తుల్లో అయితే ఆగని దగ్గు, ఛాతీ బిగుతు, పిల్లికూతలు. బీపీ పడిపోతుంటే కళ్లు తిరుగుతాయి, చూపు మసకబారుతుంది, చల్లటి చెమటలు పడతాయి, నాడి అందదు. కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు, విరేచనాలు కూడా ఇందులో భాగమే. నాకేదో అయిపోతోంది అని మనిషి కంగారుగా అంటే దాన్ని భయం కింద కొట్టిపారెయ్యకండి. అదీ ఒక లక్షణమే. చిన్నపిల్లలు చెప్పలేరు. ఒక్కసారిగా డీలాపడిపోవడం, పాలిపోవడం, చొంగ కార్చడం, ఏడుపు గొంతు మారడం గమనించాలి.

దద్దుర్లు లేవు కాబట్టి అలర్జీ కాదు అనుకోవడం చాలా ప్రమాదకరమైన పొరపాటు. చర్మం మీద ఏ మచ్చా లేకుండానే నేరుగా బీపీ పడిపోయి కుప్పకూలేవాళ్లున్నారు. పురుగు కుట్టినప్పుడు ఇలా జరగడం కొత్తేమీ కాదు.

కాబట్టి సూది వెయ్యాలా వద్దా అన్న నిర్ణయం ఇలా తీసుకోండి. గొంతు, శ్వాస, రక్తప్రసరణ, ఈ మూడింట్లో ఏ ఒక్కదానికి సంబంధించిన లక్షణం కనిపించినా వెయ్యాలి. దద్దుర్లతో పాటు వాంతులో కడుపునొప్పో ఉన్నా వెయ్యాలి. గతంలో పురుగు కుట్టి తీవ్రంగా అలర్జీ వచ్చిన మనిషికి ఇప్పుడు కుట్టిన చోటుకు దూరంగా దద్దుర్లు మొదలైతే, మిగతావి వచ్చేదాకా ఆగవద్దు. ఎప్పుడూ ఇలా రాని మనిషికి దద్దుర్లు మాత్రమే ఉంటే మాత్ర వేసి, ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు. ఎటూ తేల్చుకోలేకపోతే వెయ్యడమే మేలు. అవసరం లేకుండా తొడలో పడిన ఒక డోసు వల్ల కాసేపు గుండెదడ, చేతుల వణుకు ఉంటాయి. అవసరమైనప్పుడు పడని డోసుకు విరుగుడు లేదు.

మొదటి పది నిమిషాలు

1. పురుగులున్న చోటి నుంచి బయటపడండి, కొండి తీసెయ్యండి. తేనెటీగ కొండికి వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి. అందుకే అది విషపు సంచితో సహా చర్మంలోనే ఉండిపోయి, ఈగ పోయాక కూడా విషం దింపుతూనే ఉంటుంది. చాలా భాగం మొదటి అర నిమిషంలోపే ఎక్కేస్తుంది. గోటితో గీకాలి తప్ప పట్టి లాగకూడదు అని చాలాకాలం చెప్పేవారు. 1996లో జరిగిన ప్రయోగంలో ఏ పద్ధతిలో తీశారన్నది కాక, ఎంత త్వరగా తీశారన్నదే ముఖ్యమని తేలింది. చేతికి ఏది దొరికితే దాంతో వెంటనే తియ్యండి. కందిరీగ కొండి సాధారణంగా ఉండిపోదు, కాబట్టి అది ఎన్నిసార్లైనా కుట్టగలదు. తేనెటీగ కుట్టిన చోట మిగతా ఈగలను రెచ్చగొట్టే వాసన ఉంటుంది, అందుకే అక్కడ నిలబడి చూసుకోవద్దు.

2. లక్షణాలు మొదలైన క్షణం నుంచి మనిషిని నడవనివ్వకండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి. ఆయాసం ఎక్కువగా ఉంటే కాళ్లు చాపి కూర్చోబెట్టండి. వాంతి చేసుకుంటున్నా, స్పృహ లేకపోయినా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. గర్భిణి అయితే ఎడమ పక్కకు.

3. అడ్రినలిన్ వెయ్యండి. ఎలా అన్నది కింద వివరంగా ఉంది.

4. అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యండి. పక్కన ఇంకొకరుంటే ఒకరు సూది వేస్తుండగా ఇంకొకరు ఫోన్ చెయ్యాలి. ఒక్కరే ఉంటే ముందు సూది, తర్వాత ఫోన్. "పురుగు కుట్టింది, అనాఫిలాక్సిస్, అడ్రినలిన్ ఇచ్చాం" అని ఈ మూడూ చెప్పండి.

5. సూది వేసిన టైమ్ రాసి పెట్టుకోండి. 5 నిమిషాల్లో మెరుగుపడకపోయినా, మళ్లీ దిగజారుతున్నా రెండో డోసు రెండో తొడలో వెయ్యండి.

6. పిలిస్తే పలక్కుండా, శ్వాస ఆగిపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. పెద్దవాళ్లకు నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. శిక్షణ ఉంటే 30 నొక్కులకు 2 ఊపిరులు.

రెండో అంశం దగ్గర ఇంకాస్త ఆగాలి. అనాఫిలాక్సిస్‌లో రక్తనాళాలు వదులైపోతాయి, వాటిలోంచి ద్రవం బయటికి కారిపోతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం అప్పటికే తక్కువ. ఆ స్థితిలో మనిషి గబుక్కున లేచి నిలబడితే మిగిలిన కాస్త రక్తం కాళ్లలోకి దిగిపోయి గుండె ఖాళీగా కొట్టుకుంటుంది. బాగానే ఉన్నాను అని లేచి బాత్రూమ్‌కు నడిచో, అంబులెన్స్ దాకా నడిచో హఠాత్తుగా ప్రాణం పోయిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. సూది వేశాక తేరుకున్నట్టు కనిపించినా స్ట్రెచర్ మీదే తీసుకెళ్లాలి.

సూది వెయ్యడం

చోటు: తొడ బయటి వైపు, తుంటికీ మోకాలికీ నడుమ. అక్కడి పెద్ద కండరానికి రక్తప్రసరణ బాగా ఉంటుంది. పిల్లల మీద 1998లో జరిగిన అధ్యయనంలో తొడ కండరంలో ఇచ్చిన అడ్రినలిన్ సుమారు 8 నిమిషాల్లో రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరితే, చర్మం కింద ఇచ్చినది చేరడానికి 34 నిమిషాలు పట్టింది. పిరుదులో వద్దు, చేతిలో వద్దు. పురుగు కుట్టిన చోట అసలే వద్దు.

ఆటో ఇంజెక్టర్‌ను ప్యాంటు పైనుంచే వెయ్యవచ్చు. మందు, సూది లోపలే సిద్ధంగా ఉండే పెన్ను లాంటి పరికరం ఇది. జేబులో ఫోను, తాళాలు, మందపాటి కుట్టు అడ్డం రాకుండా చూసుకోండి. పెన్నును పిడికిలితో పట్టుకోండి, బొటనవేలు ఏ చివరనా పెట్టకండి. సేఫ్టీ మూత లాగేసి, సూది వచ్చే కొనను తొడకు నిటారుగా, టక్‌మని వినిపించేదాకా గట్టిగా అదమండి. మోడల్‌ను బట్టి 3 నుంచి 10 సెకన్లు అలాగే పట్టుకుని ఉంచాలి. ఎంతసేపో మీ పెన్ను మీదే రాసి ఉంటుంది. ఎపిపెన్ అనే బ్రాండులో నీలం మూత తియ్యాలి, నారింజ కొన తొడకు తగలాలి. పిల్లలకు వేసేటప్పుడు కాలు కదలకుండా ముందే గట్టిగా పట్టుకోండి. సూది లోపలుండగా కాలు తన్నితే చర్మం చీరుకుపోతుంది. కంగారులో పెన్ను తలకిందులుగా పట్టుకుని తమ బొటనవేల్లో గుచ్చుకునేవాళ్లు ఉంటారు. అలా జరిగితే వేలికి రక్తం తగ్గవచ్చు కాబట్టి మీరూ ఆసుపత్రిలో చూపించుకోవాలి. అంతకన్నా ముఖ్యం, రోగికి పడాల్సిన డోసు పడలేదని గుర్తించి రెండో పెన్ను వాడటం.

మోతాదు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాములు. ఒకసారికి పెద్దలకు 0.5, పిల్లలకు 0.3 మిల్లీగ్రాములు మించదు. ఆటో ఇంజెక్టర్లలో ఎక్కువగా దొరికేవి 0.15, 0.3 మిల్లీగ్రాములవి. సుమారు 25 నుంచి 30 కిలోలు దాటినవారికి 0.3 వాడతారు, అంతకన్నా చిన్నపిల్లలకు 0.15. ఏది కొనాలో డాక్టరు బరువు చూసి రాస్తారు. పిల్లలు ఎదిగేకొద్దీ దీన్ని మార్చాలన్న సంగతి చాలా ఇళ్లలో మరిచిపోతారు.

పెన్ను దొరకని చోట డాక్టర్లు 1 మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము ఉండే యాంప్యూల్ (మందు నింపిన చిన్న గాజు సీసా), 1 మిల్లీలీటరు సిరంజి, 25 మిల్లీమీటర్ల సూది ఇచ్చి నేర్పిస్తారు. పెద్దలకు అర మిల్లీలీటరు, 20 కిలోల పిల్లవాడికి 0.2 మిల్లీలీటరు. అడ్రినలిన్ యాంప్యూల్ కొట్టి సిరంజిలోకి ఎక్కించమని తల్లిదండ్రులకు పరీక్ష పెడితే సగటున రెండు నిమిషాలకు పైగా పట్టింది, మోతాదులూ ఒకరికొకరికి చాలా తేడాగా వచ్చాయి. ఈ పద్ధతే మీకు దిక్కయితే, సెలైన్ యాంప్యూళ్లతో సాధన చేసి చెయ్యి తిరిగేలా చేసుకోండి. సిరంజి మీద మీ మోతాదు గీత దగ్గర ముందే గుర్తు పెట్టుకోండి. ఇది కండరంలోకి ఇచ్చే మందు. నరంలోకి ఈ మోతాదు ఎక్కిస్తే గుండెకే ప్రమాదం. ముక్కులో కొట్టే అడ్రినలిన్ స్ప్రేకు అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది. సూదికి భయపడి ఆలస్యం చేసేవాళ్లకు, అది దొరికే చోట, మంచి ప్రత్యామ్నాయం.

అడ్రినలిన్ ఏం చేస్తుందో తెలిస్తే సంకోచం పోతుంది. వదులైన రక్తనాళాలను బిగిస్తుంది, గొంతు వాపు దించుతుంది, శ్వాసనాళాలను తెరుస్తుంది, అలర్జీ రసాయనాలను విడుదల చేసే కణాలను అదుపు చేస్తుంది. సెటిరిజిన్ లాంటివి వీటిలో ఏదీ చెయ్యలేవు. అవి దురద, దద్దుర్లు తగ్గిస్తాయి, అంతే. దురద తగ్గాక మనిషి బాగుపడ్డాడని అందరూ ఊపిరి పీల్చుకుంటారు, లోపల బీపీ జారుతూనే ఉంటుంది. స్టెరాయిడ్ పనిచెయ్యడానికి గంటలు పడుతుంది. ఆస్తమా ఉన్నవారికి ఇన్హేలర్ ఇవ్వండి, అదీ అడ్రినలిన్ తర్వాతే. గుండెజబ్బు ఉందనో, వయసు పైబడిందనో సూది ఆపకండి. ప్రాణం మీదికొచ్చిన అనాఫిలాక్సిస్‌లో దీన్ని వాడకూడని మనిషంటూ లేరు.

బీపీకి, గుండెకు బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలో అడ్రినలిన్ సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు. ఆసుపత్రిలో అలాంటివారికి గ్లూకగాన్ అనే మందు ఇస్తారు. అందుకే వాడుతున్న మందుల పేర్లు అంబులెన్స్ సిబ్బందికి చెప్పాలి. భయపడి ఆ మాత్రలు సొంతంగా ఆపేయడం మాత్రం వద్దు.

ఆసుపత్రిలో అడగాల్సినవి

తేరుకున్నాక కూడా లక్షణాలు మళ్లీ రావచ్చు. కొన్ని గంటల్లో రావడం ఎక్కువ, 72 గంటల దాకా అవకాశం ఉంది. త్వరగా ఒక్క డోసుతో పూర్తిగా తగ్గినవారిని గంట రెండు గంటలు చూసి పంపవచ్చు. తీవ్రంగా వచ్చినా, రెండు డోసులు పడినా, ఇల్లు దూరమైనా కనీసం 6 గంటలు, కొందరికి ఇంకా ఎక్కువ సేపు ఉంచాలి.

ఆసుపత్రిలో ఉండగానే అలర్జీ కణాలు విడుదల చేసే ట్రిప్టేజ్ అనే పదార్థానికి రక్తపరీక్ష చెయ్యమని అడగండి. లక్షణాలు మొదలైన గంట రెండు గంటల్లో తీస్తే మేలు, నాలుగు గంటలు దాటితే ఉపయోగం తగ్గుతుంది. పూర్తిగా తగ్గాక కనీసం 24 గంటల తర్వాత మళ్లీ ఒకసారి తియ్యాలి. మొదటిది అలర్జీని ధ్రువీకరిస్తుంది. రెండోది ఎక్కువగా ఉంటే మాస్టోసైటోసిస్ అనే జబ్బు (ఆ అలర్జీ కణాలు అతిగా పెరగడం) దాగి ఉందేమో వెతకాలి. ఆ జబ్బు ఉన్నవారికి ఒక్క కుట్టు కూడా ప్రాణాంతకం కావచ్చు.

కొన్ని ప్రత్యేక సందర్భాలు

నోట్లో, గొంతులో కుడితే అలర్జీ లేనివారికి కూడా వాపుతో గాలి దారి మూసుకుపోవచ్చు. ఐస్ ముక్క చప్పరిస్తూ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కంటి నల్లగుడ్డు మీద కుడితే కొండిని ఇంట్లో కదిలించవద్దు, కంటి డాక్టరే తియ్యాలి. తుట్టె కదిలి పదులకొద్దీ ఈగలు కుడితే అలర్జీతో పనిలేకుండా విషమే కండరాలను, కిడ్నీలను దెబ్బతీస్తుంది. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారడం దీని గుర్తు. 50కి పైగా కుడితే, పిల్లలకైతే అంతకన్నా తక్కువే అయినా, బాగున్నట్టు కనిపించినా ఆసుపత్రిలో చేర్చి రక్తపరీక్షలు చేయించాలి.

పిడుదు కాటు సంగతి విచిత్రమైనది. కొన్ని రకాల పిడుదులు కరిచాక కొందరిలో మేక, గొడ్డు, పంది మాంసంలో ఉండే ఒక చక్కెర పదార్థానికి అలర్జీ పుడుతుంది. మాంసం తిన్న 2 నుంచి 6 గంటలకు, తరచూ అర్ధరాత్రి, దద్దుర్లు, కడుపునొప్పి, కొన్నిసార్లు పూర్తి అనాఫిలాక్సిస్ వస్తాయి. వారాల కిందట కరిచిన పురుగుతో దీన్ని ముడిపెట్టడం ఎవరికీ తట్టదు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

రెండు అడ్రినలిన్ డోసులు ఎప్పుడూ మనిషితోనే ఉండాలి. ఒకటి ఇంట్లో, ఒకటి ఆఫీసులో అంటే ఎక్కడా రెండు లేనట్టే. వీటిని 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టకండి, ఎండలో ఆగిన కారులో అసలు వదలకండి. పెన్నుకున్న చిన్న కిటికీలోంచి చూస్తే మందు నీళ్లలా తేటగా ఉండాలి. గులాబీ రంగో గోధుమ రంగో తిరిగినా, నలుసులు కనిపించినా మార్చెయ్యండి. గడువు తేదీకి నెల ముందు ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. అనాఫిలాక్సిస్ వచ్చిన క్షణంలో గడువు దాటినదే చేతిలో ఉండి, మందు తేటగా ఉంటే, ఏమీ వెయ్యకపోవడం కన్నా అది వెయ్యడమే మంచిది. వాడే విధానం ఇంట్లోవారికి, తోటి ఉద్యోగులకు, బడిలో టీచర్లకు ట్రైనర్ పెన్నుతో (సూదీ మందూ లేని సాధన పెన్ను) చేసి చూపించండి. కళ్లు తిరిగి పడిపోయిన మనిషి తనకు తాను సూది వేసుకోలేడు.

మళ్లీ కుట్టకుండా

గడ్డిలో చెప్పుల్లేకుండా నడవకండి. ఆరుబయట తీపి పానీయాన్ని డబ్బాలోంచి నేరుగా తాగకండి, లోపల కందిరీగ దూరి ఉండవచ్చు. తోటపనిలో బూట్లు, పొడుగు చేతుల చొక్కా, గ్లవ్స్ వేసుకోండి. తుట్టెను మీరే తొలగించే ప్రయత్నం వద్దు. ఒక్క ఈగ చుట్టూ తిరుగుతుంటే చేతులు విసరకుండా మెల్లగా తప్పుకోండి. గుంపు వెంటపడితే మాత్రం ముఖం కప్పుకుని, ఆగకుండా మూసిన గదిలోకో వాహనంలోకో పరుగెత్తండి. నీళ్లలో దూకితే అవి పైనే కాచుకుని ఉంటాయి.

అసలు చికిత్స: విషానికే అలవాటు చెయ్యడం

చాలామందికి తెలియని భాగం ఇదే. ఒళ్లంతా అలర్జీ వచ్చిన పెద్దవారికి మళ్లీ కుడితే అలాగే వచ్చే అవకాశం సుమారు 30 నుంచి 65 శాతం. చర్మం మీద దద్దుర్లు మాత్రమే వచ్చిన పిల్లల్లో ఇది 10 శాతం దగ్గర ఉంటుంది, పెద్ద స్థానిక వాపు మాత్రమే వచ్చినవారిలో 5 నుంచి 10 శాతం. మొదటి రకం వారందరూ అలర్జీ నిపుణుడిని కలవాల్సిందే.

పరీక్షలు కుట్టిన 4 నుంచి 6 వారాల తర్వాత చేయిస్తే సరైన ఫలితం వస్తుంది. వెంటనే చేస్తే అలర్జీ ఉన్నా లేనట్టు చూపించవచ్చు. చర్మపరీక్ష, రక్తంలో ఐజీఈ (అలర్జీకి కారణమయ్యే ప్రతిరక్షకం) పరీక్ష రెండూ చేసి, ఏ పురుగు విషానికి అలర్జీయో తేలుస్తారు. అలర్జీ ఎప్పుడూ రాని మనిషి ముందుజాగ్రత్తగా ఈ పరీక్షలు చేయించుకోవడం వల్ల ప్రయోజనం లేదు. పాజిటివ్ వచ్చినా ఏ ఇబ్బందీ లేకుండా తిరిగేవారు చాలామంది.

తర్వాత మొదలయ్యేదే వెనమ్ ఇమ్యునోథెరపీ. శుద్ధిచేసిన విషాన్ని చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, వారం వారం పెంచుతూ 100 మైక్రోగ్రాములకు తీసుకెళ్తారు. ఆపైన 4 నుంచి 8 వారాలకో ఇంజెక్షన్, 3 నుంచి 5 ఏళ్ల పాటు. ప్రతి ఇంజెక్షన్ తర్వాత కనీసం అరగంట క్లినిక్‌లోనే కూర్చోవాలి. కందిరీగ విషానికి ఈ చికిత్స 91 నుంచి 96 శాతం మందిని కాపాడుతుంది, తేనెటీగ విషానికి 77 నుంచి 84 శాతం మందిని. ఫైర్ యాంట్‌కు విషం బదులు చీమ మొత్తం సారాన్ని వాడతారు.

మందుకు చెయ్యి వాచిందనో, నాలుగు నెలలుగా ఏ పురుగూ కుట్టలేదనో మధ్యలో మానేసేవాళ్లుంటారు. ఇంజెక్షన్ చోట వాపు మామూలే, ముందుగా అలర్జీ మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. జ్వరం, అదుపులో లేని ఆస్తమా ఉన్న రోజు మాత్రం ఇంజెక్షన్ వాయిదా వెయ్యమని అడగండి. చికిత్స జరుగుతున్నన్నాళ్లూ రెండు పెన్నులు వెంటే ఉండాలి. ఆ తర్వాత ఉంచాలా వద్దా అన్నది మొదటిసారి ఎంత తీవ్రంగా వచ్చింది, ట్రిప్టేజ్ ఎంత, పని తేనెటీగల మధ్యేనా అన్నవి చూసి డాక్టరు చెబుతారు. మాస్టోసైటోసిస్ ఉన్నవారికి ఈ ఇంజెక్షన్లు ఐదేళ్లతో ఆపరు, జీవితాంతం కొనసాగిస్తారు.